రేడియేటర్ పక్క కొక్కెం

మా క్లబ్బులో పొద్దున్నే ఎవరు వచ్చినా ముందు చేసే పని చెయ్యి కలపడం. ఆటగాడు డ్రెస్సింగ్ రూములోకి రాగానే అప్పటికే వచ్చినవాళ్లందరికీ, ఒక్కరిని కూడా వదలకుండా, చెయ్యి అందిస్తాడు. తరవాత వచ్చినవాడూ అంతే. ఇరవై నాలుగు మంది ఆటగాళ్లు, డాక్టరు, ఒళ్లు పట్టే అతను, గడ్డి కోసే అతను, బట్టలుతికే నేను. ముందురోజు కొట్టుకున్నంత పని చేసినవాళ్లయినా సరే, తెల్లారాక చెయ్యి కలపాల్సిందే. కలపలేదంటే అది అలక కాదు, తెగతెంపులు. నా చేతులు ఎప్పుడూ తడిగా ఉంటాయి గనుక నేను మణికట్టు చాచేదాన్ని, వాళ్లు దాన్నే పట్టుకుని ఊపేవాళ్లు. చేతులు మురికిగా ఉన్నవాళ్లకు మా దగ్గర అది మామూలే. ఇరవై రెండేళ్ల ఉద్యోగంలో నా అరచేతిని తాకిన ఆటగాడు ఒక్కడు కూడా ఉండడు.

ఆటగాళ్లు మెట్లు దిగి నా లాండ్రీ గదిలోకి వచ్చేవాళ్లు. కోచ్‌లు మాత్రం రారు. పైమెట్టు మీద నిలబడి, "బోఁజూర్ జోసియాన్!" అని నా పేరుతో ఒక నమస్కారం పడేసి, గాల్లో చెయ్యి ఊపి పోతారు. కాజిమిర్ బనాషాక్ ఒక్కడే ప్రతి పొద్దూ ఆ పద్నాలుగు మెట్లూ దిగేవాడు. అరిగిపోయిన మోకాళ్లతో, గోడ పట్టుకుని. నా మణికట్టు పట్టుకుని, "బోఁజూర్ మదాం" అని, మళ్లీ ఆ పద్నాలుగూ ఎక్కేవాడు. వచ్చిన మొదటి వారం నేనే అన్నాను:

"ఎందుకండీ ఈ అవస్థ? పైనుంచి కేకేస్తే వినపడుతుంది నాకు. ఇంకా చెవుడు రాలేదు."

"కేకేస్తే చెయ్యి కలిపినట్టు కాదు గదా మదాం."

ఎందుకో తెలియడానికి ఏడాది పట్టింది.

పారిస్‌కు ఉత్తరాన ఉన్న మా వార్నెఘెమ్‌లో నూలు మిల్లులు మూతబడి ముప్పై ఏళ్లయింది. మా నాన్న ఆ మిల్లుల్లోనే యూనియన్ పని చేశాడు. ఇప్పుడు ఊరికి మిగిలినవి పొగ రాని పొగగొట్టాలు, మూడో డివిజన్ ఫుట్‌బాల్ జట్టు. ఫుట్‌బాల్ ఆటగాడంటే బంగారు పళ్లెంలో తింటాడని జనం అనుకుంటారు. టీవీలో కనిపించే నలుగురి సంగతి అది. మా దగ్గర ఆడేవాళ్లకు ఏడాది ఒప్పందాలు. జూన్ వచ్చిందంటే సగంమంది అద్దె ఇళ్లు ఖాళీ చేసి, పిల్లల బడి మాన్పించి, ఫోను ఎప్పుడు మోగుతుందా అని చూస్తూ కూర్చుంటారు. మోకాలు చెడితే మిల్లులో వేలు తెగినవాడికి దొరికినంత న్యాయం కూడా దొరకదు. వాళ్లను కూలివాళ్లని ఎవరూ అనరు, వాళ్లూ అనుకోరు. వాళ్ల చెమట రోజూ ఉతికినదాన్ని గనుక నేనంటాను.

కాజిమిర్ అలాంటి కూలివాడే. పోలండ్ నుంచి వచ్చిన బొగ్గుగని కార్మికుడి మనవడు, గని కార్మికుడి కొడుకు. ఒకే గోడ పంచుకునే ఎర్ర ఇటుక ఇళ్ల వరసలో పుట్టాడు. గని జట్టులో ఆడుతుంటే పద్దెనిమిదేళ్లప్పుడు పెద్ద క్లబ్బు తీసుకుపోయింది. పదమూడేళ్లు వెనకవరసలో ఎడమవైపు ఆడాడు. దేశం తరఫున ఒక్కసారి కూడా పిలుపు రాలేదు. పిల్లలు ఆల్బమ్‌లో అంటించుకునే ఆటగాళ్ల బొమ్మల్లో ఒక్క ఏడాది అతని బొమ్మ వచ్చింది, అదీ పేరు తప్పుగా అచ్చేసి. ఆ బొమ్మ అతని పర్సులో ఉండేది. "ఈ బనాజియాక్ ఎవరో మంచి ఆటగాడట మదాం, నాకు మాత్రం పరిచయం లేదు" అని నవ్వించేవాడు.

ఆట ఆగిపోయాక కోచ్‌గా పంతొమ్మిదేళ్లలో ఎనిమిది ఊళ్లు తిరిగాడు. కోచ్ బతుకు ఎంత ఒంటరిదో అతన్ని చూశాకే నాకు తెలిసింది. ఆటగాళ్లతో కలిసి తింటే, రేపు వాళ్లలో ఒకణ్ణి బెంచీ మీద కూర్చోబెట్టలేడు. పైవాళ్లతో తింటే ఆటగాళ్లు నమ్మరు. అందుకని ఒక్కడే తింటాడు. కాజిమిర్ ఊరి చివర రౌండ్‌అబౌట్ దగ్గరి హోటల్లో, కిటికీ పక్కన ఒక్క మనిషి బల్ల దగ్గర, బీరులో ఉడికించిన గొడ్డుమాంసం, బంగాళాదుంప వేపుళ్లు తినేవాడు. కూర్చోగానే వడ్డించే ఆమె ఎదుటి కుర్చీ ముందున్న ప్లేటు, గ్లాసు తీసేసేది. "అడగనైనా అడగదు మదాం, ఇంకెవరైనా వస్తున్నారా అని" అన్నాడొకసారి. నవ్వుతూనే అన్నాడు.

మూతపడిన కళ్లజోళ్ల దుకాణం మీద, సామానుతో సహా అద్దెకిచ్చే రెండు గదుల్లో ఉండేవాడు. గోడ మీద సముద్రం బొమ్మ ఇంటివాళ్లది, కర్టెన్లు వాళ్లవి, చెంచాలు కూడా వాళ్లవే. భార్య ఒడీల్ మొదటి ఐదు ఊళ్లకు వెంట వచ్చిందట. "ముందు పెట్టెలు విప్పడం మానేసింది. ఆ తరవాత సర్దడం మానేసింది" అని చెప్పాడు. ఆమె ఆరాస్‌లో ఉండిపోయింది. తగాదా లేదు, విడాకుల కాగితాలు లేవు. ఫోన్లు మాత్రం పలచబడిపోయాయి.

శిక్షణ అయిపోయి అందరూ కార్లెక్కాక, సాయంత్రం ఐదింటికి మెట్లు దిగి వచ్చేవాడు. బోర్లించిన బట్టల బుట్ట మీద కూర్చుని, నేనిచ్చిన చికోరీ కాఫీ తాగుతూ మెషీన్ల వైపు చూసేవాడు.

"ఇంటికి వెళ్లరా?" అంటే,

"మెషీన్ తిరుగుతుంటే పక్కగదిలో ఎవరో ఉన్నట్టుంటుంది మదాం. ఈ రౌండ్ అయిపోయాక వెళ్తా" అనేవాడు. ఆ రౌండ్ అయ్యాక ఇంకో రౌండ్ ఉండేది.

అలాంటి ఒక సాయంత్రమే చెయ్యి కలపడం గురించి చెప్పాడు.

ముప్పై ఒకటో ఏట దక్షిణాన సముద్రం ఒడ్డున ఒక క్లబ్బులో ఆడేవాడు. ఒప్పందంలో ఒక షరతు: ఆ సీజన్‌లో ఇరవై ఐదు మ్యాచ్‌లు మొదటి పదకొండు మందిలో ఆడితే ఒప్పందం దానంతటదే మరో ఏడాది సాగుతుంది. ఇరవై నాలుగు ఆడాడు. చివరి మ్యాచ్ ఉంది. గెలిచినా ఓడినా ఎవరికీ ఏమీ కాని మ్యాచ్. ఆ పొద్దున కోచ్ డ్రెస్సింగ్ రూములోకి వచ్చి వరసగా అందరికీ చెయ్యి కలుపుతూ వచ్చాడు. కాజిమిర్ లేచి చెయ్యి చాచాడు. కోచ్ వంగి షూ లేసు కట్టుకున్నాడు. కట్టుకుని లేచి, పక్కవాడికి చెయ్యిచ్చాడు.

"ఆ లేసు ఊడలేదు మదాం. నేను చూస్తూనే ఉన్నాగా. కట్టి ఉన్న లేసును విప్పి మళ్లీ కట్టుకున్నాడు."

జట్టులో అతని పేరు లేదు. ఒప్పందం పోయింది. ఆ వేసవిలో ఏ క్లబ్బూ పిలవలేదు. ఆరు నెలలు ఉద్యోగాల ఆఫీసు ముందు వరసలో నిలబడ్డాడు. గుర్తుపట్టినవాళ్లు ఆటోగ్రాఫ్ అడిగేవాళ్లట, ఆ వరసలోనే.

"కోర్టుకెళ్లలేదా?" అన్నాను. మా నాన్న కూతుర్ని, నోరు ఊరుకోదు.

"ఏమని వెళ్లను? జట్టును ఎంచుకునేది కోచ్. ఎందుకు ఎంచుకోలేదని ఏ జడ్జీ అడగడు. అంతా సక్రమమే. ఆ కోచ్‌ను తిట్టుకోవడం కూడా కుదర్లేదు నాకు. పైవాళ్లు చెప్పారు, చేశాడు. నన్ను వద్దనుకున్నందుకు కాదు మదాం... ఆ చెయ్యి. అది ఇచ్చుంటే ఏం పోయేది అతనికి?"

ఆ రోజు నుంచి, ఉన్న చోట ఒక్క చేతిని కూడా వదల్లేదు.

ఇక ఫుసేనీ జాబిరా సంగతి. ముప్పై నాలుగేళ్లవాడు, మాలీ దేశం నుంచి వచ్చి పారిస్ శివార్లలో వీధులూడ్చినవాడి కొడుకు. ఎడమవైపు వెనకవరస. ఒకప్పటి కాజిమిర్ చోటే. ఇద్దరు ఆడపిల్లలు మా ఊరి బళ్లో చదువుతున్నారు. మోకాలు చల్లబడితే బిగుసుకుపోతుందని డ్రెస్సింగ్ రూములో రేడియేటర్ పక్క కొక్కెం అతనికి వదిలేశారు. అతని ఒప్పందంలోనూ అలాంటి షరతే, ఇరవై మ్యాచ్‌లు. మే నెల మొదటికి పంతొమ్మిది అయ్యాయి. మిగిలింది ఒక్కటి, మా మైదానంలోనే, శుక్రవారం సాయంత్రం. మేం పట్టికలో నడిమధ్య ఉన్నాం. పైకి పోయేదీ లేదు, కిందికి పడేదీ లేదు.

ఇది అందరికీ తెలుసు. గోల్‌కీపర్ లోయిక్ రేడియేటర్ పక్క గోడ మీద సుద్దముక్కతో గీతలు గీసేవాడు, జైల్లో రోజులు గీసుకున్నట్టు. పంతొమ్మిది గీతలు.

"తాతా, ఇంకొక్కటే! ఆ ఒక్క గంటన్నరా నడిచైనా గడిపెయ్. బంతి సంగతి మేం చూసుకుంటాం."

"నువ్వు గోల్స్ ఆపు ముందు. నా నడక సంగతి నేను చూసుకుంటా" అనేవాడు ఫుసేనీ.

మా దగ్గర ఇంకో పద్ధతి ఉంది. మ్యాచ్ రోజు మొదటి పదకొండు మందికి ఒకటి నుంచి పదకొండు నంబర్లు, బెంచీ మీద ఐదుగురికి ఆ పైన. అంటే ఏ జెర్సీ ఎవరి కొక్కేనికి వెయ్యాలో అందరికంటే ముందు నాకు తెలియాలి. మ్యాచ్ రోజు మధ్యాహ్నం కోచ్ ఒక చీటీ తెచ్చి ఇస్తాడు. పదహారు పేర్లు. దాన్ని చూసి నేను జెర్సీలు తగిలిస్తాను. ఆటగాళ్లు సాయంత్రం వచ్చి తమ కొక్కెం వైపు చూస్తారు. దాని మీద జెర్సీ ఉంటే ఆడతారు, లేకపోతే లేదు. ఎంత బతిమాలినా ముందుగా నోరు విప్పలేదు నేను. కానీ ఆ చీటీ ప్రకారం తగిలించే చెయ్యి నాదే. ఆ ఇరవై రెండేళ్లలో ఎన్ని మొహాలు ఖాళీ కొక్కెం ముందు నిలబడ్డాయో చూశాను.

ఆ గురువారం మధ్యాహ్నం, కాజిమిర్ నాతో సాక్సుల లెక్క చూస్తుండగా మా అధ్యక్షుడు దెల్వాక్ మెట్లు దిగి వచ్చాడు. చలువ గోదాములు ఉన్న మనిషి. ఆయన లాండ్రీలోకి రావడం అదే మొదలు. నన్ను చూశాడు, పలకరించలేదు. ఉన్న మూడు మెషీన్లకు నేను నాలుగోదాన్ని అనుకుని ఉంటాడు.

"కాజిమిర్, రేపు జాబిరా వద్దు."

"మోకాలు బాగానే ఉంది అతనికి."

"మోకాలి గురించి ఎవడడిగాడయ్యా? వచ్చే ఏడాది ముప్పై ఐదేళ్లవాణ్ణి మేపలేను. కుర్రాళ్లు ఉన్నారుగా, ఎవరో ఒకణ్ణి దింపు. రేపటి మ్యాచ్ ఎవడికి కావాలి?"

"ఎవరికీ వద్దు, అతనికి తప్ప."

దెల్వాక్ నవ్వాడు. కాజిమిర్ భుజం తట్టాడు. "నీ ఒప్పందం కాగితం కూడా నా బల్ల మీదే ఉంది. రెండేళ్లకు. సోమవారం సంతకం పెడదాం అనుకుంటున్నా. నీ వయసెంత ఇప్పుడు? యాభై ఆరా?"

"ఏడు."

"చూశావా మరి" అని మెట్లెక్కి వెళ్లిపోయాడు.

ఆ సాయంత్రం కాజిమిర్ బుట్ట మీద కూర్చుని కాఫీ ముట్టలేదు.

"చెప్పండి మదాం, మీరైతే ఏం చేస్తారు?"

"నన్నడక్కండి. నేను చెప్పేది మీకు ముందే తెలుసు."

"ఇది పోతే నన్నింకెవరూ పిలవరు. తెలుసా? పోయిన రెండుసార్లూ నేనే ఫోన్ చేసి అడుక్కున్నాను. మైదానం లేకపోతే... ఆ గదుల్లో ఆ సముద్రం బొమ్మ చూస్తూ కూర్చోవాలి."

"అతనికైతే ఇద్దరు పిల్లలు."

"తెలుసు" అన్నాడు. "పేరు రాయకపోవడం పెద్ద పనేం కాదు మదాం. ఏమీ చెయ్యనక్కర్లేదు. ఊరికే రాయకుండా ఉంటే చాలు" అన్నాడు.

అది విని నాకు ఒళ్లు మండిపోయింది. ఈ లోకంలో జరిగే అన్యాయాల్లో సగం అలా ఊరికే ఉండడం వల్లే జరుగుతాయి. చేసినవాడి చేతికి మట్టి అంటదు. నాకు ఎక్కువ కోపం దెల్వాక్ మీద కూడా కాదు. ఇద్దరు కూలివాళ్లను ఒకరి మెడ మీద ఒకరి కాలు పెట్టించి, తను పక్కన నిలబడి కుర్రాళ్ల భవిష్యత్తు గురించి మాట్లాడే ఆ ఏర్పాటు మీద.

శుక్రవారం మ్యాచ్ సాయంత్రం ఎనిమిదింటికి. పొద్దున పదింటికి ఒళ్లు వదులు చేసుకోవడానికి ఆటగాళ్లు వస్తారు. తొమ్మిదిన్నరకే కాజిమిర్ మెట్లు దిగాడు. చేతిలో చీటీ. ఎప్పుడూ మధ్యాహ్నం ఇచ్చేది, ఇంత ముందుగానా అనుకున్నాను. దాన్ని ఇస్త్రీ బల్ల మీద బోర్లా పెట్టాడు. నేను అలవాటుగా మణికట్టు చాచాను. అతను అప్పటికే వెనుదిరిగాడు.

నా మణికట్టు అలాగే గాల్లో ఉండిపోయింది.

చీటీ తిరగేశాను. ఎడమవైపు వెనకవరస ఆటగాడిదైన మూడో నంబరు ఎదురుగా పంతొమ్మిదేళ్ల కుర్రవాడి పేరు. ఫుసేనీ పదహారు మందిలోనే లేడు.

"మిస్యూ బనాషాక్!"

మెట్ల మధ్యలో ఆగాడు.

"లేసు ఊడిందా?"

అతను తిరిగి చూడలేదు. గోడ మీద పెట్టిన చెయ్యి మాత్రం చూశాను. అలా ఎంతసేపు నిలబడ్డాడో, ఒక మెషీన్ ఆగిపోయింది, నేను దాన్ని ఖాళీ చెయ్యలేదు. తరవాత మెట్లెక్కి వెళ్లాడు.

తువ్వాళ్ల బుట్ట ఎత్తుకుని నేనూ వెనకాలే వెళ్లాను. తువ్వాళ్లు పెట్టడం నా పనే గనుక నన్నెవరూ ఎందుకొచ్చావని అడగరు. డ్రెస్సింగ్ రూములో సగం మంది వచ్చేశారు. అతను తలుపు దగ్గర్నుంచి మొదలుపెట్టాడు. లోయిక్‌కు చెయ్యిచ్చాడు. పక్కవాడికి, ఆ పక్కవాడికి. నవ్వులు, బోఁజూర్‌లు. రేడియేటర్ వైపు వరస దగ్గరవుతున్నకొద్దీ గది సద్దుమణిగింది. ఫోన్లు చూసుకునేవాళ్లు కూడా తలలెత్తారు. వాళ్లకు తెలుసు. అధ్యక్షుడు కిందికి దిగి మాట్లాడిపోయిన సంగతి క్లబ్బులో దాగదు.

ఫుసేనీ మోకాలికి వేడినీళ్ల సంచి కట్టుకుని కూర్చున్నాడు. లేవడానికి బెంచీ పట్టుకోవాల్సి వచ్చింది. లేచి, చెయ్యి చాచాడు.

కాజిమిర్ ఆగాడు. ఒక్క అడుగు దూరం. కిందికి చూశాడు, తన బూట్ల వైపు.

"కడుక్కున్నాను కోచ్, భయపడకండి" అన్నాడు ఫుసేనీ.

కాజిమిర్ ఆ చెయ్యి అందుకున్నాడు. అందుకుని వదల్లేదు. మా దగ్గర చెయ్యి కలపడమంటే ఒక్క క్షణం, ముట్టుకుని వదిలెయ్యడం. అంతసేపు పట్టుకుంటే ఇబ్బందిగా ఉంటుంది, ఫుసేనీ కూడా ఇబ్బంది పడ్డాడు. "మోకాలు ఎలా ఉంది?" అన్నాడు కాజిమిర్. "దీని వయసు దీనికుంది కోచ్" అన్నాడతను. "నాదీ అంతే" అని, మిగిలిన వరస కూడా పూర్తి చేసి, చివరివాడికి కూడా చెయ్యిచ్చి, బయటికొచ్చాడు.

నేను కిందికి చేరేసరికి ఇస్త్రీ బల్ల మీద వంగి ఉన్నాడు. కుర్రవాడి పేరు కొట్టేసి, మూడు పక్కన "జాబిరా" అని రాశాడు. అక్షరాలు గట్టిగా నొక్కి రాశాడు. కాగితం చిరిగింది.

"తగిలించండి మదాం" అన్నాడు.

మూడో నంబరు జెర్సీని ఆ రోజు రెండుసార్లు ఇస్త్రీ చేశాను.

సాయంత్రం రిఫరీ మొదటి ఈల వెయ్యగానే పని అయిపోయింది. ఆ తరవాత ఎన్ని నిమిషాలు ఆడినా ఒకటే, ఇరవై పూర్తయ్యాయి. పైన దెల్వాక్ కుర్చీ అరగంటకే ఖాళీ అయింది. ఫుసేనీ బాగా ఆడాడని చెప్పలేను. అతని వైపు నుంచే మాకు గోల్ పడింది. రెండుసార్లు అతని సగం వయసువాడు పక్కనుంచి గాలిలా దూసుకుపోయాడు. ఒకటీ ఒకటీతో మ్యాచ్ ముగిసింది. లోయిక్ గోడ మీద ఇరవయ్యో గీత గీసి, దాని చుట్టూ గుండ్రంగా సున్నా చుట్టాడు. అందరూ అరిచారు, బీరు చల్లుకున్నారు. ఆ గోల గోడ ఇవతలికి వినపడుతూనే ఉంది. గోడ ఇవతల, తన గదిలో, కాజిమిర్ తలుపు సగం తెరిచి కూర్చున్నాడు. ఎవరైనా వస్తారని కాబోలు. ఆటగాళ్లు పెళ్లాంపిల్లలతో వెళ్లిపోయారు. కృతజ్ఞత లేక కాదు. కోచ్ గదిలోకి పిలవకుండా వెళ్లడం మా దగ్గర అలవాటు లేదు, అంతే.

శనివారం కాజిమిర్‌కు ఫోన్‌లో చెప్పారట, ఇక రానక్కర్లేదని. కారణం అడిగితే క్లబ్బు కొత్త ఆలోచనలతో ముందుకు పోతోందన్నారు. అదీ సక్రమమే. ఫుసేనీ మరో ఏడాది మా దగ్గరే ఉన్నాడు. పద్నాలుగు మ్యాచ్‌లు ఆడాడు, పిల్లలు బడి మారలేదు. ఆ షరతు ఇప్పటికీ ఒప్పందాల్లో ఉంది. ఏ ఊళ్లో చూసినా మే నెలలో ఎవరో ఒకరు ఖాళీ కొక్కెం ముందు నిలబడే ఉంటారు. కాజిమిర్‌ను మళ్లీ ఎవరూ పిలవలేదు. ఆదివారం పొద్దుటిపూట ఆరాస్ దగ్గర ఏదో చిన్న మైదానంలో, గట్టు మీద, ఎవరి పక్కనా కాకుండా నిలబడి ఆట చూస్తుంటాడని విన్నాను.

ఆ సోమవారం పొద్దున అతను క్లబ్బుకు వచ్చాడు, సామాను తీసుకుపోవడానికి. ఒక అట్టపెట్టె. అది కారులో పెట్టేసి మళ్లీ లోపలికొచ్చాడు. ఎందుకో నాకు తెలుసు. వెళ్లిపోయేవాడు అందరికీ చెయ్యిచ్చి వెళ్లాలి. కానీ సీజన్ అయిపోయింది. శనివారం నుంచి ఆటగాళ్లకు సెలవులు. ఆ సంగతి పంతొమ్మిదేళ్లుగా కోచ్ పని చేసినవాడికి తెలియదా, మర్చిపోయాడా, తెలిసే వచ్చాడా, నేను అడగలేదు. పైన డ్రెస్సింగ్ రూములో అతని అడుగుల చప్పుడు వినపడింది. కొంచెం నడవడం, ఆగడం. కొంచెం నడవడం, ఆగడం. ఇరవై నాలుగు కొక్కేలున్న గది అది.

తరవాత మెట్ల మీద.

"బోఁజూర్ మదాం. మీరైనా ఉన్నారు."

"నాకు సెలవులెక్కడివి? పదకొండు నెలల మురికి ఉంది ఇక్కడ."

"శుక్రవారం మీ చెయ్యి..." అన్నాడు.

"ఊరుకోండి."

నా చేతులు మోచేతుల దాకా సబ్బు నీళ్లలో ఉన్నాయి. అతను అలవాటుగా నా మణికట్టు కోసం చెయ్యి చాచాడు. "ఆగండి" అన్నాను. చేతులు బయటికి తీసి, కుళాయి కింద కడిగి, ఏప్రాన్‌కు తుడుచుకున్నాను. వేళ్ల మధ్య కూడా తుడుచుకున్నాను. అతను ఓపిగ్గా నిలబడ్డాడు. ఆ వేళకు అతనికి వెళ్లాల్సిన చోటంటూ ఏమీ లేదు.

అప్పుడు ఇచ్చాను. అరచెయ్యి.

వెనక మెషీన్ తిరుగుతూనే ఉంది. "ఈ రౌండ్ అయిపోయాక వెళ్తాను" అన్నాడు. నేను బుట్ట బోర్లించాను.